మారు వడ్డన

కాకినాడలో మనిషిని నాలుగు మాటలంటే పడతాడు గానీ, తింటున్నప్పుడు విస్తట్లోకి తొంగిచూస్తే పడడు. ఈ సంగతి సువర్చలకి తెలియక కాదు. ఆవిడ ఆ ఊరి కోడలు, అందులోనూ శ్రీ భ్రమరాంబా భోజన హోటల్ నడిపే పేర్రాజు భార్య. తెలిసుండీ ఆ పలకని తయారుచేసింది. తయారుచేసి, ఊళ్లో ఇంకెక్కడా చోటు లేనట్టు, మొట్టమొదట మొగుడి హోటల్లోనే పెట్టింది.

చూడ్డానికి పిల్లలు అక్షరాలు దిద్దుకునే పలకంతే ఉంటుంది. నల్లటి అద్దం. ఆ మధ్యాహ్నం హోటల్లో ఒక్కో విస్తరి పక్కన ఒక్కోటి నిలబెట్టారు. విస్తరి కింద కనీకనబడని పల్చటి రేకు ఒకటి పరిచారు. మొదటి బంతిలో కూర్చున్నవాళ్లంతా రోజూ వచ్చేవాళ్లే. పోర్టులో పనిచేసి రిటైరైన విస్సంశెట్టి గారు అందరికంటే ముందు పలక మీద బొటనవేలు ఆనించారు.

"ఏవమ్మా, ఇదేవన్నా జాతకం చెబుద్దా ఏంటి?"

"జాతకం కాదు బాబాయ్‌గారూ. మీ ఒంట్లో ఇప్పుడున్న సంగతి చెబుతుంది. వేలి చెమటని బట్టి, నెత్తురు నడకని బట్టి. ఇవాళ్టి వంటల్లో మీకేది పడుతుందో, ఏది పడదో రంగు వేసి చూపిస్తుంది," అంది సువర్చల.

అద్దం మీద వంటకాల పేర్లు వెలిగాయి. తోటకూర పప్పు ఆకుపచ్చ. పనసపొట్టు కూర ఆకుపచ్చ. సాంబారు పసుపు. ఆవకాయ, అప్పడం, వడియాలు నిప్పులాంటి ఎరుపు. పక్కాయన వేలు పెడితే ఆవకాయ ఆకుపచ్చయింది. ఇంకేముంది, బంతంతా గోల. "మీకు ఆవకాయ ఎరుపా? మాకు ఆకుపచ్చండోయ్!" అని లాటరీ తగిలినట్టు ఒకళ్లనొకళ్లు ఏడిపించుకున్నారు. సువర్చలకి ప్రాణం లేచొచ్చింది. తను పనిచేసే ప్రయోగశాలలో ఇన్నాళ్లు పడ్డ పాట్లకి, ఈ నవ్వులు చాలనుకుంది.

ఆ సంబరం మారు వడ్డించేదాకానే. వడ్డించే గున్నేశ్వర్రావు పనసపొట్టు కూర గిన్నెతో రెండోసారి వచ్చి, విస్సంశెట్టి గారి విస్తట్లో గరిటెడు వేశాడు. పలక మీద ఆకుపచ్చ కాస్తా పసుపయింది. ఇంకో గరిటె వేశాడు. ఎర్రబడింది.

విస్సంశెట్టి గారి ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. "ఇదేంటమ్మా, ఇందాకా పడుద్దందిగా?"

"మొదట వేసినంత పడుతుందండి. ఆకు కింద రేకుంది చూశారూ, అది ఎంత వేశారో తూచి..."

"అంటే నేనెంత తింటన్నానో ఇది లెక్కెడతందా?"

బంతిలో వాళ్లంతా ఆకు అంచులెత్తి కింద చూసుకున్నారు. ఆయన కోపంగా అనలేదు, కోపమే నయం అనిపించేలా బాధపడుతూ అన్నారు. "మా అమ్మ కూడా నా ముద్దలు లెక్కెట్టలేదమ్మా. దిష్టి తగులుద్దని మొహం తిప్పుకునేది." అని భుజం మీది కండువా తీసి పలక మీద కప్పేశారు. పక్కాయన చేతిరుమాలు కప్పాడు. ఒకావిడ చేతిసంచీ అడ్డం పెట్టింది. చూస్తుండగానే అన్ని పలకల మొహాలకీ ముసుగులు పడ్డాయి. మర్నాడు ఆ బంతిలో సగం మంది రాలేదు.

పేర్రాజు హోటల్‌కి ఊళ్లో పేరొచ్చింది రుచి వల్ల కాదు. రుచి నాలుగు వీధుల్లో దొరుకుతుంది. అక్కడ వద్దనేదాకా వడ్డించడంతో సరిపెట్టరు, వద్దన్నాక కూడా ఒక గరిటె వేస్తారు. తినేవాడు విస్తరికి చెయ్యి అడ్డం పెట్టాలి, వడ్డించేవాడు వేళ్ల సందుల్లోంచైనా వెయ్యాలి. అది మర్యాద. ఆ మర్యాదతోనే పేర్రాజు తండ్రి హోటల్ నిలబెట్టాడు. ఆ మర్యాద తనకి తను కూడా చేసుకుని, నిండా యాభై రాకుండానే కిడ్నీలు పోయి కన్నుమూశాడు. కొడుకులిద్దరికీ అదే రోగం వారసత్వంగా వచ్చింది. పెద్దవాడు సోమరాజు పిఠాపురంలో ఎరువుల కొట్టు నడుపుతాడు. చిన్నవాడు పేర్రాజు. డాక్టరు చెప్పినదాని ప్రకారం పేర్రాజు రెండు కిడ్నీలూ కలిసి ఒకదాని పని కూడా చెయ్యడం లేదు.

చెప్పి చెప్పి సువర్చల నోరు నొప్పెట్టింది. పప్పు తగ్గించమంటే "అలాగేనే" అనేవాడు. అని, వంటింట్లోకి వెళ్లి రుచి చూసే మిషతో గిన్నె అడుగు చూసేవాడు. ప్రభుత్వం హోటళ్లలో ప్రతి వంటకం పక్కనా ఉప్పెంత, నూనెంత, కేలరీలెన్ని అని అంకెలు వెయ్యాలని చట్టం తెచ్చినప్పుడు ఆవిడ ఎంతో ఆశపడింది. బోర్డు గోడకెక్కింది. అడిగితే అందరూ "మంచిదేనండి, ఇలాంటివి ఉండాలండి" అనేవాళ్లు. అంటూనే దాని కింద కూర్చుని నెయ్యి తెమ్మని కేకేసేవాళ్లు. పేర్రాజైతే "ఆ అంకెలు ఊళ్లోవాళ్లకే, నాకు కాదు" అని తేల్చేశాడు. అదిగో, ఆ మాట మీదే ఆవిడకి పలక ఆలోచన తట్టింది. ఊరందరికీ ఒకే లెక్క చెబితే ఎవడూ తనదనుకోడు. నీ వేలు పెట్టు, నీ సంగతి చెబుతాననాలి.

రేకు గొడవ జరిగిన రెండు మూడు రోజులకి పేర్రాజు ఇంట్లో కూర్చుని మెల్లగా మొదలుపెట్టాడు.

"ఆ రేకులు తీసెయ్యవే."

"తీసేస్తే పలకలో సగం పోయినట్టేనండీ."

"ఉంటే నా హోటల్ మొత్తం పోద్ది. ఏం తినాలో చెప్పు, వింటారు. ఎంత తినాలో చెప్పకు. అది వడ్డించేవాడికీ తినేవాడికీ మధ్య సంగతి. మధ్యలో మిషను దూరిందంటే అన్నం పెట్టి పీక పట్టుకున్నట్టుంటది."

"ఎవరి కోసం చేశాననుకుంటున్నారు ఇది?"

"తెలుసు. నా కోసమే." ఆయన నవ్వలేదు. "అందుకే ఓ మాట చెబుతున్నా విను. రేకు తీసేశావనుకో, నీ పలక ఏది ఎరుపంటే అది నేను చచ్చినా ముట్టను. అమ్మ తోడు. ఆవకాయ కూడా."

పెళ్లయినప్పటి నుంచీ తిండి విషయంలో ఒక్క మాట చెవిన పెట్టని మనిషి, ఆవకాయ మానేస్తానని ఒట్టేస్తున్నాడు. సువర్చల పొంగిపోయింది. శాస్త్రం చదువుకున్న మనిషే, కాదనను. కానీ మొగుడు మాట వింటానన్నప్పుడు ఏ చదువు గుర్తుంటుంది? అసలు లేనిదానికంటే సగం నయం కదా అనుకుంది. ఒక్క పూటలో రేకులన్నీ లాగేసింది. మనసు ఒప్పక పలక అడుగున ఒక వాక్యం పెట్టింది: "ఈ రంగు ఒక్క గరిటెకు మాత్రమే." పేర్రాజు అదీ చూసి, "అక్షరాలు కాస్త చిన్నవి చెయ్యవే, కళ్లలో గుచ్చుకుంటన్నాయి," అన్నాడు. చేసింది.

ఆ తర్వాత పలక ఊరిని ఊపేసింది. విస్సంశెట్టి గారే ఇంటిల్లిపాదినీ తీసుకొచ్చి వేళ్లు పెట్టించారు. ఎర్రవి మానేసిన వాళ్లకి బీపీలు దిగాయి, కాళ్ల వాపులు తగ్గాయి. మిగతా హోటళ్ల వాళ్లు ప్రయోగశాలకి క్యూ కట్టారు. అన్నిటికంటే వింత పేర్రాజు. అన్నమాట మీద నిలబడ్డాడు. ఆవకాయ జాడీ వైపు చూడడం మానేశాడు. అప్పడం కనబడితే మొహం తిప్పుకున్నాడు. నెల తిరిగేసరికి రక్తపరీక్ష చేయిస్తే డాక్టరే ఆశ్చర్యపోయాడు. "ఏం మంత్రం వేశారమ్మా ఈయన మీద?" అన్నాడు. సువర్చల ఆ రోజు ఆస్పత్రి మెట్లు దిగుతూ, ఎవరైనా చూస్తారని కూడా లేకుండా మొగుడి చెయ్యి పట్టుకుంది. ఆయనకి సిగ్గేసి విడిపించుకోబోయాడు గానీ, ఆవిడ వదల్లేదు.

పేర్రాజు అన్నగారికి కూడా ఒక పలక బహుమానంగా పంపాడు. సోమరాజు ఆదివారాలు పిఠాపురం నుంచి బస్సెక్కి వచ్చేవాడు, అన్నదమ్ములిద్దరూ పక్కపక్కన విస్తళ్లు వేసుకుని కూర్చునేవాళ్లు. "ఏరా, పప్పు నీకేంటి?" "ఆకుపచ్చ. నీకూ?" "నాకూ ఆకుపచ్చే. వెయ్యి గున్నేశ్వర్రావ్, ఇంకో గరిటె వెయ్యి!" తండ్రి పోయిన దగ్గర్నుంచీ ప్రతి ముద్దా కిడ్నీల భయంతోనే మింగినవాళ్లు. భయం లేకుండా తినడం ఎలా ఉంటుందో వాళ్లకి అప్పుడే తెలిసింది. చూస్తుంటే ముచ్చటేసేది. ఆ ముచ్చటే కొంప ముంచింది.

సామర్లకోట రోడ్డులో ఉన్న ప్రయోగశాలకి డైరెక్టర్ పరాంకుశం గారు. మంచివాడు, మెత్తగా మాట్లాడతాడు, మెత్తగానే కాదంటాడు. పలకని రాష్ట్రమంతా పెట్టేముందు ఒక పరీక్ష జరపమని సువర్చలకే అప్పగించాడు. ఆవిడ ఊళ్లోంచి కొందరిని పిలిచి రెండు గదుల్లో భోజనాలు పెట్టించింది. రెండు గదుల్లోనూ అదే వంట, అదే గిన్నెలు. ఒక గదిలో పలకల్లేవు. రెండో గదిలో ఉన్నాయి.

పలకల్లేని గదిలో జనం మామూలుగా తిన్నారు. రెండో గదిలో ఎర్రవి ఎవరూ ముట్టలేదు. ఆకుపచ్చవి వేసిన గిన్నెలు మాత్రం మళ్లీ మళ్లీ నింపాల్సి వచ్చింది. సువర్చల మొదట మురిసింది. పళ్లేలు తూచి చూసుకున్నాక మురిపెం పోయింది. ఆకుపచ్చ చూసినవాళ్లు ఏమీ చూడనివాళ్ల కంటే రెట్టింపు తిన్నారు. ఆవిడ ఒక కాలేజీ లెక్చరర్‌ని పక్కకి పిలిచి అడిగింది.

"అంత పప్పు తిన్నారేంటండీ? మామూలుగా ఇంట్లో ఇంతే తింటారా?"

"అబ్బే, లేదు మేడం. ఇది నాకు పడుతుందని చెప్పిందిగా. పడేదయితే ఎంతయినా పడుతుంది కదా!"

"పలక అడుగున ఉన్నది చదివారా?"

"ఏమన్నా ఉందాండీ అక్కడ?" అన్నాడాయన, నిజంగానే ఆశ్చర్యపోతూ.

సువర్చల తూచిన లెక్కలు చేత పట్టుకుంది. అప్పటికప్పుడు పరాంకుశం గారి గదికి వెళ్లింది. ఆయన అంతా విని, కళ్లజోడు తుడుచుకున్నాడు.

"జనం ఆకుకూర, పప్పు కాస్త ఎక్కువ తింటే మనకి నష్టమేంటమ్మా?"

"మామూలువాళ్లకి ఏం లేదు సార్. కిడ్నీలు బాగాలేనివాళ్లకి వాటిలోని పొటాషియం ఒంట్లోంచి బయటికి పోదు, గరిటెడు మందు, గిన్నెడు విషం. రేకు మళ్లీ పెట్టాలి సార్."

"రేకు పెడితే ముసుగులు వేసుకున్నారని నువ్వే చెప్పావు. లైసెన్సులు ఇచ్చేశాం. వచ్చే అసెంబ్లీ సమావేశాల్లో ప్రతి హోటల్‌కీ తప్పనిసరి చేస్తున్నారు. ఇప్పుడు పలకలో లోపం ఉందంటే మొత్తం మూలపడుతుంది. మళ్లీ ఆ గోడ మీది అంకెలే గతి. అది కావాలా నీకు?"

"చావకపోతే చాలు సార్ నాకు."

"ఎవరు చస్తారమ్మా? అంత మాట ఎందుకు? అడుగున రాశావుగా, ఒక్క గరిటెకే అని. అది చదువుకోవడం వాళ్ల బాధ్యత."

బయటికొచ్చి ఆటో ఎక్కేదాకా ఆవిడకి ఒళ్లు మండుతూనే ఉంది. ఎవరి మీదో మాత్రం తేల్చుకోలేకపోయింది. ఆ అక్షరాలు చిన్నవి చేసింది తనే కదా.

మర్నాడు ఇంట్లో పేర్రాజు విస్తరి ముందు కూర్చున్నాక, పప్పు కప్పులో కొలిచి వేసింది. ఆయన కప్పు వైపు చూశాడు, పలక వైపు చూశాడు.

"ఆకుపచ్చే కదే?"

"ఒక్క కప్పుకేనండీ. రెండో కప్పుకి కాదు. ప్రయోగశాలలో చూశాను, జనం తెలీక తెగ తినేస్తున్నారు. మీరు అలా తినకూడదు."

"నీ పలక తినమంటంది, నువ్వు వద్దంటన్నావు. ఎవరి మాట వినాలి నేను?"

"నా మాట."

"అదీ నీ మాటేగా!" అని పకపకా నవ్వాడు. "నువ్వే తయారుచేశావు, నీకంటే తెలివైందే చేశావు. నువ్వు భయంతో చెబుతావు. దానికి భయం లేదు, నా వేలు పట్టుకుని చెబుద్ది."

ఆవిడ కప్పు కింద పెట్టింది. ఇన్నేళ్లూ తన మాట వినని మనిషి ఇప్పుడూ వినడం లేదు. తేడా ఒక్కటే. ఇదివరకు వినకపోతే తప్పు చేస్తున్నట్టు మొహం దాచుకునేవాడు. ఇప్పుడు ధైర్యంగా, న్యాయం తన వైపున్నట్టు వినడం లేదు. ఆ న్యాయం చేతికిచ్చింది తనే.

ఆ వారంలోనే, హోటల్లో ఆయన కూర్చునే చోట ఆకు కింద ఒక రేకు గుట్టుగా పరిచింది. మధ్యాహ్నం గున్నేశ్వర్రావు రెండోసారి పప్పు వెయ్యగానే పలక పసుపయింది. ఇంకోసారి వెయ్యగానే ఎర్రబడింది. పేర్రాజు చెయ్యి ఆపాడు. ఆకు అంచు పైకెత్తి కింద చూశాడు. నెమ్మదిగా రేకు లాగి, తువ్వాలుతో తుడిచి, గుమ్మంలో నిలబడ్డ ఆవిడ చేతికిచ్చాడు. నలుగురూ చూస్తున్నారని గొంతు పెంచలేదు.

"ఒప్పందం తప్పావే."

"మీ ప్రాణం కోసమండీ..."

"నేను మాత్రం తప్పలేదు. మానేసినవన్నీ నీ మాట మీదే మానేశాను. నువ్వు తప్పితే నేనూ తప్పనా? గున్నేశ్వర్రావ్, ఆవకాయ జాడీ ఇలా పట్రా."

గున్నేశ్వర్రావు జాడీ తెచ్చి, ఎటు పెట్టాలో తెలీక మధ్యలో నిలబడ్డాడు. సువర్చల ఆ జాడీని చూసింది, మొగుడి మొహం చూసింది. ఆవకాయలో ఉప్పు ఆయన్ని ఏం చేస్తుందో ఆవిడకి తెలుసు. పప్పు ఏం చేస్తుందో కూడా తెలుసు. రెండిట్లో ఏది ముందు చేస్తుందో మాత్రం తెలీదు. ఏ ఆడదైనా ఎదురుగా కనబడే నిప్పునే ముందు ఆర్పుతుంది.

"వద్దులెండి. ఇంకెప్పుడూ పెట్టను," అంది.

"అలాగన్నావు, బావుంది," అని ఆయన ఎర్రబడ్డ పలకని ఆర్పి మళ్లీ వెలిగించి, బొటనవేలు పెట్టాడు. ఆకుపచ్చ. గున్నేశ్వర్రావు జాడీ లోపలికి తీసుకెళ్లిపోయాడు.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం సువర్చల ప్రయోగశాలలోనే ఉంది. డైరెక్టర్‌కి తెలియకుండా రేకు లేకపోయినా గరిటెలు లెక్కపెట్టే ఉపాయం ఏదైనా దొరుకుతుందేమోనని తంటాలు పడుతోంది. ఫోను మోగింది. గున్నేశ్వర్రావు.

"అమ్మగారూ, అయ్యగారు చెయ్యి కడుక్కోడానికి లేచారండి. కుళాయి దగ్గర కాళ్లు తేలిపోతన్నాయన్నారండి. కూలబడిపోయారండి. ఆస్పత్రికి తీసుకొచ్చేశామండి, మీరు బేగా వచ్చెయ్యండి..."

ఆవిడ వెళ్లేసరికి అంతా అయిపోయింది. సోమరాజు ఆస్పత్రి నేల మీద కూర్చుని, మొహం మోకాళ్లలో దాచుకుని ఏడుస్తున్నాడు. డాక్టరు గున్నేశ్వర్రావుని నిలేస్తున్నాడు.

"ఏం తిన్నాడయ్యా ఈయన? నెత్తుట్లో పొటాషియం పొంగిపోయింది. గుండె ఒక్కసారిగా ఆగిపోయింది. ఏం పెట్టారు అసలు?"

"తోటకూర పప్పండి, పనసపొట్టండి, అరటిదూట పెరుగుపచ్చడండి, చివర్లో కొబ్బరినీళ్లండి. అన్నీ ఆకుపచ్చవేనండి, డాక్టరుగారూ! ఎర్రది ఒక్కటీ ముట్టలేదండి. దేవుడి మీద ఒట్టండి!"

గున్నేశ్వర్రావు అబద్ధం ఆడలేదు. పేర్రాజు చివరిదాకా మాట తప్పలేదు. అది తలుచుకునే సువర్చల గోడకి తల బాదుకుంది. మాట తప్పే మనిషయినా బాగుండేది.

పరాంకుశం గారు పరామర్శకి ఇంటికొచ్చాడు. ఓదార్పుగా నాలుగు మాటలు చెప్పాడు. వెళ్లబోతూ అన్నాడు.

"పలకని తెప్పించి చూశామమ్మా. తప్పేం లేదు. ఆ పూట ఆయన ఒంటికి ఒక్క గరిటె నిజంగానే పడుతుంది. సరిగ్గానే చెప్పింది. నువ్వేం మనసులో పెట్టుకోకు. లోపం మన పనిలో లేదు, వాడేవాళ్ల ధోరణిలో ఉంది. దాన్ని మనం మార్చలేం."

"రేకు ఉండుంటే సార్?"

"నువ్వే తీశావు కదమ్మా," అన్నాడాయన, ఎంతో జాలిగా.

పెద్దకార్యం భోజనాలు హోటల్లోనే పెట్టారు. పేర్రాజు నలుగురికీ అన్నం పెట్టిన చోటే ఆయన పేరున అన్నం పెట్టాలన్నాడు సోమరాజు. సువర్చల పలకలన్నీ లోపల పడెయ్యమని గున్నేశ్వర్రావుకి ముందే చెప్పింది. తీసేశాడు కూడా. కానీ విస్తళ్లు పరిచి జనం కూర్చోగానే, "పలకలేవయ్యా? షుగరున్నోళ్లం, గుడ్డిగా ఎలా తింటాం?" అని ఒకరు, "ఆయన పోయినా ఆయన పద్ధతి పోకూడదు" అని ఇంకొకరు. మళ్లీ పలకలు వచ్చాయి. ఆ పూట ఆవిడ బంతుల మధ్యకి రాకూడదు. వెనక గదిలో ఆడవాళ్ల మధ్య గోడకి ఆనుకుని కూర్చుంది. తలుపు వారగా తీసుంది.

సందులోంచి సోమరాజు విస్తరి కనబడుతోంది. తమ్ముడు పోయిన దగ్గర్నుంచీ ఆయన సరిగా తినలేదు. మొహం ఉబ్బింది, పాదాలు ఉబ్బాయి. ఆ ఉబ్బు ఏమిటో ఆవిడకి తెలుసు. ఆయన పలక మీద వేలు పెట్టాడు. గున్నేశ్వర్రావు తోటకూర పప్పు వేశాడు. సోమరాజు కలుపుకుని గబగబా తిన్నాడు, ఏడుస్తూనే తిన్నాడు. గున్నేశ్వర్రావు మళ్లీ వేశాడు. మూడోసారి గిన్నెతో వంగేసరికి, సువర్చల లేచింది. ఎవరో చెంగు పట్టుకున్నారు. విదిలించుకుని బంతిలోకి వచ్చింది. వచ్చి, సోమరాజు విస్తరి మీద తన అరచెయ్యి అడ్డం పెట్టింది.

"చాలు బావగారూ."

గరిటెలోని పప్పు ఆవిడ చేతి మీద పడింది. వేడిగా ఉంది. ఆవిడ చెయ్యి తియ్యలేదు.

తినేవాళ్లంతా ఆవిడ చేతి వైపు తిరిగారు. తినేవాడు తన ఆకుకి తను చెయ్యి అడ్డం పెట్టుకోవచ్చు. ఇంకొకరి ఆకుకి, అదీ చావు భోజనంలో, ఆ ఇంటి మనిషి అడ్డం పెట్టడం ఎవరూ చూసెరగరు.

"ఏంటమ్మా ఇది?" సోమరాజు తలెత్తాడు. "మా తమ్ముడి పేరున పెట్టే అన్నం ఇది. దీనికి చెయ్యడ్డం పెడతావా?"

"మీ తమ్ముడు దీనివల్లే పోయారండీ. ఆ రంగు ఒక్క గరిటెకే. రెండోదాన్ని అది చూడదు. చూసే రేకుని నేనే తీసేశాను, ఈ చేతుల్తోనే. ఆయన్ని చంపుకున్నాను. మిమ్మల్ని కూడా చంపుకోలేను, మీ కాళ్లకి దణ్ణం పెడతాను. లేవండి బావగారూ."

"కిడ్నీలు పాడై పోయాడమ్మా వాడు, మా నాన్నలాగే. మా రాత అది. పలకేం చేసింది?" ఆయన మళ్లీ బొటనవేలు ఆనించి అద్దాన్ని ఆవిడ వైపు తిప్పాడు. "ఇదిగో, చూడు. ఆకుపచ్చ. తయారుచేసింది నువ్వే. ఊరందరిచేతా నమ్మించింది నువ్వే. ఇవాళ నమ్మొద్దంటే ఎలాగమ్మా?"

ఆవిడ అద్దం వైపు చూసింది. అద్దం మీది మాట అబద్ధం కాదు. అబద్ధమై ఉంటే పగలగొట్టి చూపించేది.

వెనక నుంచి ఆడవాళ్ల గొంతులు లేచాయి. "దుఃఖంలో మతి చలించింది పాపం." "చలించలేదు, ఏవీ లేదు. ఆ మొగుడికీ ఇలాగే కడుపు కట్టేసుంటది. అందుకే పోయాడు ఆ మహానుభావుడు." ఆ చివరి మాటన్నది తోటికోడలు, సోమరాజు భార్య. ఆవిడా ఇంకో ఇద్దరూ వచ్చి సువర్చల రెండు రెక్కలూ పట్టుకుని వెనక్కి లాగారు. సువర్చల గింజుకుంది, అరిచింది. "గున్నేశ్వర్రావ్, నువ్వు చూశావు కదరా! ఆ రోజు నువ్వే వేశావు కదరా! చెప్పరా వాళ్లకి!"

గున్నేశ్వర్రావు తలెత్తలేదు. చెబితే, ఆ రోజు ఆ గరిటెలన్నీ వేసింది తనేనని ఒప్పుకోవాలి. "అన్నీ ఆకుపచ్చవేనమ్మా," అన్నాడు నేల చూపులు చూస్తూ.

తోటికోడలు చెడిపోయిన విస్తరి తీయించి, సోమరాజు ముందు కొత్త ఆకు వేయించింది. అంత ఏడుపులోనూ ఆవిడకి మొగుడి మీద ప్రేమే, తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషి అర్ధాకలితో లేవకూడదని. సువర్చలకి అది కనబడుతూనే ఉంది. సరిగ్గా తనూ అలాంటి ప్రేమతోనే కదా ఆ రేకులు తీసింది. ఆవిడకి పలక మీద కోపం రాలేదు, పరాంకుశం మీద రాలేదు, చివరికి తన మీద కూడా రాలేదు. ప్రేమ మీద వచ్చింది.

సోమరాజు కళ్లు తుడుచుకుని, పైకి చూసి దణ్ణం పెట్టుకున్నాడు.

"వెయ్యరా. వాడి పేరు చెప్పి నిండా వెయ్యి."

గున్నేశ్వర్రావు గిన్నెలో గరిటె ముంచి, కొత్త విస్తట్లో పప్పు వేశాడు. కాస్సేపాగి, అడక్కుండానే మారు వేశాడు.